హెర్పిస్ వ్యాధి: చిట్కామందు, చీటీమందు

తనంతట తాను తగ్గిపోవు వ్యాధికి మందు కనుగొనుట సులభము; ఆ మందు నిజముగ పనిచేసినదో లేదో తేల్చుట కష్టము. పెదవి అంచున గాని గుహ్యప్రదేశమున గాని సన్నని నీటిపొక్కులు గుంపుగా లేచి, రెండు మూడు దినములు మంటయు సలుపును పెట్టి, పగిలి పుండ్లయి, చెక్కుకట్టి, వారము పది దినములలో మచ్చయైనను మిగల్చక మానిపోవుట హెర్పిస్ వ్యాధి తిరుగబెట్టినప్పటి సహజలక్షణము. ఆ పది దినములలో రోగి ఏ పసరు పూసినను, ఏ చూర్ణము మ్రింగినను, ఎవరిచేత మంత్రము వేయించుకొన్నను, పుండు మానిన నాడు కీర్తి యంతయు ఆ పసరునకో, ఆ చూర్ణమునకో, ఆ మంత్రమునకో దక్కును. ఇందు రోగి అబద్ధమాడుట లేదు. తన కన్నులతో చూచినదే చెప్పుచున్నాడు. వైద్యుడును పెక్కు సందర్భములలో మోసగాడు కాడు. పదిమందికి ఇచ్చితిననియు, పదిమందికిని మానినదనియు అతడు చెప్పు మాట సత్యమే కావచ్చును. ఐనను ఆ సత్యమును ఆధారము చేసికొని, ఆ మందే వ్యాధిని మాన్పినదను నిర్ణయమునకు మనము రాజాలము. ఏల రాజాలమో వివరించి, అట్టి నిర్ణయమునకు ఎట్టి పరీక్ష అవసరమో చూపి, ఆ పరీక్షయందు ఇంటిచిట్కాలును డాక్టరు చీటీపై వ్రాసి యిచ్చు మందులును ఎట్లు నిలిచినవో పరిశీలించుటకే ఈ అధ్యాయమును ఉద్దేశించితిని.

ఈ వ్యాధికి కారణమగు హెర్పిస్ సింప్లెక్స్ వైరసు రెండు రకములు. మొదటిరకము సాధారణముగ బాల్యముననే, పెద్దల ముద్దుల వలనను లాలాజలస్పర్శ వలనను సంక్రమించి పెదవులను నోటిని ఆశ్రయించును. రెండవరకము స్త్రీపురుష సంయోగము వలన సంక్రమించి జననేంద్రియ ప్రాంతమును ఆశ్రయించును. మొదటిరకము కూడ అచ్చట చేరుట కలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020 సంవత్సరమునకు కట్టిన అంచనాలనుబట్టి, 50 ఏండ్ల లోపువారిలో సుమారు 380 కోట్లమందికి మొదటిరకమును, 15 నుండి 49 ఏండ్ల నడుమ వయస్సు గలవారిలో సుమారు 52 కోట్లమందికి రెండవరకమును సోకియున్నవి. వీరిలో అత్యధికులకు లక్షణములు స్వల్పము గానో శూన్యము గానో యుండుటచే, తమకు వ్యాధి సోకిన సంగతియే తెలియదు. ఇంత సర్వసాధారణమైన వ్యాధిలో ఒక విచిత్రము గలదు. అదే జాతి వైరసు పెదవిపై పొక్కులు లేపినచో జ్వరపు పొక్కులని పదిమందిలో చెప్పుకొందురు. నడుము క్రింద లేపినచో సుఖవ్యాధి యని భార్యకు భర్తయు, భర్తకు భార్యయు చెప్పుటకు సైతము సిగ్గుపడుదురు. ఈ సిగ్గే రోగిని ప్రభుత్వాసుపత్రి మెట్లెక్కనీయక, బస్సుస్టాండు దగ్గరి లాడ్జీలో మకాము వేసి గుప్తరోగములు కుదుర్చుదుమని గోడలపై వ్రాయించుకొన్నవారి యొద్దకు పంపుచున్నది. చికిత్సను గూర్చి ఆలోచించునపుడు ఈ సంగతిని మరువరాదు. వ్యాధి చేయు కీడుకంటె సిగ్గు చేయు కీడు పలుమార్లు అధికమగుచున్నది.

కొన్ని ప్రాంతములలో సర్పి యని పిలిచెడి వ్యాధి, అనగా నడుమునకో ఱొమ్మునకో ఒక ప్రక్కగా పట్టీవలె పొక్కులు లేచునది, ఇదే వైరసు కుటుంబమునకు చెందినదైనను వేరొక వైరసు చేయు పని. బాల్యమున ఆటలమ్మను కలిగించినదే పెద్దతనమున ఈ రూపమున మేల్కొనును. తమిళనాట ఆ పొక్కులపై కుమ్మరులచేత కావిమన్నుతో బొమ్మలు వ్రాయించుకొను ఆచారము కలదు. సర్పియు సాధారణముగ రెండు మూడు వారములలో తనంతట మానునదే గనుక, కావిమన్ను కీర్తియు పసరు కీర్తివంటిదే. ఐతే నుదుటను ముక్కుకొనను ఆ పొక్కులు లేచినచో కంటికి అపాయము గలదనియు, వైరసుమందు 72 గంటలలోపల ఆరంభించిననే పూర్ణఫలము నిచ్చుననియు తెలిసినవారు బొమ్మలు వ్రాయించుకొనుటలో కాలము గడపరు.

ఇక హెర్పిస్ మఱల మఱల ఏల వచ్చునన్న ప్రశ్న కలదు. ముఖమునకు స్పర్శజ్ఞానము నిచ్చు త్రిధారనాడికి శస్త్రచికిత్స చేసిన పిమ్మట పెదవిపై ఇట్టి పొక్కులు లేచుటను అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ 1905 నాటికే గమనించెను. వైరసు చర్మమునందు గాక నాడులలో నివసించుచుండవలెనని ఎర్నెస్ట్ గుడ్‌పాస్చర్ 1929లో ఊహించెను. ఆ ఊహ ఋజువగుటకు నలువది యేండ్లకు పైగా పట్టెను. 1971లో స్టీవెన్స్, కుక్ అను శాస్త్రజ్ఞులు చుంచెలుకల వెన్నెముక ప్రక్కనుండు నాడీసంధులలో నిద్రాణమైయున్న వైరసును పట్టుకొనిరి. మనుష్యులలోను అంతియే. మొదటిసారి చర్మమున ప్రవేశించిన వైరసు అచ్చటి నాడీతంతువులవెంట ప్రాకి, పెదవిదైనచో కణత లోపలి నాడీసంధిని, గుహ్యప్రదేశముదైనచో వెన్ను అడుగున నుండు నాడీసంధిని చేరి, అచ్చట కేవలము తన డి.ఎన్.ఏ. రూపమున, కొత్త వైరసులను పుట్టింపక, జీవితాంతము పడియుండును. జ్వరమో, తీక్ష్ణమైన యెండయో, మనోవ్యధయో, శరీరబలము తగ్గుటయో కారణముగ అప్పుడప్పుడు మేల్కొని, వచ్చిన దారినే చర్మమునకు తిరిగివచ్చును. తుంగను పైపైన కోసిన రైతునకు కొన్నాళ్లు చేను శుభ్రముగ కనబడును గాని గడ్డ భూమిలోనే యుండునట్లు, పుండు మానినంత మాత్రమున వైరసు పోయినట్లు కాదు.

ఈ ఒక్క విషయము తెలిసికొన్నవారికి సగము ప్రకటనల బండారము బయటపడును. నాడీకణమునందు నిద్రించుచున్న వైరసును సమూలముగ పెఱికివేయు మందు ఇంతవరకు ఏ వైద్యమునందును లేదు; డాక్టరు చీటీపై వ్రాయు మందును అట్టిది కాదు. కావున జన్మలో తిరిగి రాకుండ గ్యారంటీగా కుదుర్చుదుమని ఎవ్వరు చెప్పినను, ఆ మాట చాలును, వారి మందు పరీక్షింపనక్కఱలేదు.

అటులైనను, ఫలానా వైద్యము చేయించుకొన్న పిదప ఏడాదిపాటు రాలేదని చెప్పువారు పలువురు గలరు. వారి మాటను త్రోసివేయుట న్యాయము కాదు, దానిని అర్థము చేసికొనవలెను. జననేంద్రియములకు రెండవరకము సోకిన 457 మందిని అమెరికాలో జాగ్రత్తగా వెంబడించి పరిశీలింపగా, నూటికి 89 మందికి మొదటిసారి పిమ్మట ఒక్కసారియైనను తిరుగబెట్టెననియు, నూటికి 38 మందికి మొదటి ఏడాదిలో ఆరుసార్లో అంతకు మించియో తిరుగబెట్టెననియు 1994లో ప్రకటించిరి. అనగా వ్యాధి గతి మనిషికొక తీరు. అంతియే కాదు, సంవత్సరములు గడచుకొలది, ఏ మందు వాడకున్నను, చాలమందిలో ఈ తిరుగబెట్టుటలు క్రమముగ తగ్గును. రోగి కొత్త వైద్యునికొఱకు వెదకుట ఎప్పుడు? వ్యాధి మిక్కిలి బాధించు కాలమున, నెలకొకమారు పొక్కులు లేచి విసిగిన కాలమున. అత్యంత దుర్దశ వెనుక కొంత మేలైన దశ వచ్చుట ప్రకృతిసిద్ధము. ఆ వచ్చెడి మేలైన దశయే మందు ఖాతాలో జమయగుచున్నది. దీనిని వేరుచేయుటకు మార్గమొక్కటే. ఒకే తీరు రోగులను రెండు వర్గములుగ చేసి, ఎవరు ఏ వర్గమున పడవలెనో చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగ నిర్ణయించి, ఒక వర్గమునకు అసలు మందును, రెండవదానికి చూపునకును రుచికిని అట్లేయుండు ఉత్తమందును ఇచ్చి, ఎవరికి ఏది యిచ్చిరో రోగికిని వైద్యునికిని తెలియకుండ నుంచి, చివరకు లెక్క చూచుట. ఉత్తమందు వర్గముకంటె అసలు మందు వర్గము ఎంత బాగుపడినదో అంతయే మందు ప్రభావము.

ఈ పరీక్షను నాటువైద్యులపై ప్రయోగించుటకు కనిపెట్టినారని కొందఱు తలంతురు. ఇది పొరపాటు. ఈ కత్తి మొట్టమొదట దిగినది డాక్టర్ల మందులపైననే. పదేపదే మశూచి టీకా వేయించుకొన్నచో హెర్పిస్ తిరుగబెట్టుట తగ్గునని పాశ్చాత్యవైద్యులు చిరకాలము నమ్మిరి. పెద్దపెద్ద వైద్యులే వేసిరి. రోగులు మేలు కనబడెననిరి. 1959లో దానిని ఉత్తమందుతో పోల్చి చూడగా, టీకా పొందనివారును అట్లే బాగుపడిరని తేలెను. ఆ టీకా నిరపాయమైనదియు కాదు. శరీరబలము లేనివారికి ప్రాణముమీదికి తెచ్చుట కలదు. అటుపిమ్మట, 1970 ప్రాంతమున, పుండ్లపై ఈథరు పూయుట ఆరంభమాయెను. వైరసు పైపొర క్రొవ్వుతో చేయబడినది గనుక క్రొవ్వును కరిగించు ఈథరు దానిని చంపునని తర్కము. తర్కము నిర్దుష్టము, ఈథరు పచ్చిపుండుపై పడినపుడు రోగి పడు మంట భరింపరానిది, ఫలము మాత్రము శూన్యమని 1978లో పరీక్ష తేల్చెను. ఆ దశాబ్దముననే న్యూట్రల్ రెడ్ అను రంగు పూసి వెలుతురు పట్టించు చికిత్స ఒకటి, ప్రసిద్ధ వైద్యపత్రికలలో ప్రశంసలనంది వేలాది రోగులకు వ్యాపించెను. 1975లో ఉత్తరంగుతో పోల్చిన పరీక్షలో అదియు నిలువలేదు. ఈ మూడింటికిని డిగ్రీలు గల వైద్యుల మద్దతు కలదు, సిద్ధాంతబలము కలదు, బాగుపడితిమని చెప్పు రోగుల సాక్ష్యము కలదు. లేనిది పోల్చి చూచిన ఋజువు మాత్రమే. ఈ చరిత్రను నేను ఇంత విపులముగ చెప్పుటకు కారణమున్నది: డాక్టరు చెప్పెను గనుక నమ్మవలెననుట, పెద్దలు చెప్పిరి గనుక నమ్మవలెననుటకంటె ఏమాత్రమును శాస్త్రీయము కాదు.

ఇప్పుడు డాక్టర్లు వాడుచున్న అసైక్లోవిర్ ఈ పరీక్షలో నెగ్గిన తరువాతనే చీటీలపైకి ఎక్కెను. అమెరికాలో బరోస్ వెల్‌కమ్ కంపెనీ ప్రయోగశాలలో జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ అనువారు చిరకాలముగ న్యూక్లియిక్ ఆమ్లముల భాగములను పోలిన పదార్థములను తయారుచేసి, వానితో రోగకణములను మోసగించు ప్రయత్నము చేయుచుండిరి. ఈ హిచింగ్స్ యువకుడుగా హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే యొద్ద పరిశోధన చేసిన దినములలో, ఆ ప్రయోగశాలయందే మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు భాస్వరమును గూర్చి, కండరములలోని ఏ.టి.పి.ని గూర్చి లోకోత్తరమైన కృషి సాగించుచుండిరని తెలుగువారు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఎలియన్ అనునామె పదునైదేండ్ల వయస్సున తాతగారు కడుపు క్యాన్సరుతో కన్నుమూయుట చూచి వైద్యరసాయనమునకు జీవితము నంకితము చేసిన విదుషి. పరిశోధనచేసి డాక్టరేటు పట్టము పొందు అవకాశమైనను ఆమెకు దొరకలేదు. సహచరుడు హోవర్డ్ షాఫర్ తయారుచేసిన అసైక్లోవిర్ వైరసుపై ఎట్లు పనిచేయునో ఆమె బృందము వెలిబుచ్చిన వ్యాసము 1977లో అచ్చయ్యెను. 1982లో పూతమందుగను, 1985లో మాత్రగను అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చెను. 1988లో ఎలియన్, హిచింగ్స్‌లకు, జేమ్స్ బ్లాక్‌తోపాటు, నోబెల్ బహుమానము లభించెను.

ఆ మందు పనిచేయు రీతి మనోహరమైనది. అది డి.ఎన్.ఏ.లోని గ్వానోసిన్ అను అంశమును పోలియుండును గాని పని చేయుటకు దానికి మొదట ఒక భాస్వరపు తునక తగిలింపవలెను. ఆ తునకను చురుకుగ తగిలించు థైమిడీన్ కైనేజ్ అను ఎంజైము హెర్పిస్ వైరసు తనతో తెచ్చుకొన్నది. మన ఆరోగ్యకణములలోని ఎంజైము ఆ పనిని దాదాపు చేయదు. కావున వైరసు చొరని కణమున ఈ మందు నిరుపయోగముగ పడియుండి వెలికిపోవును. వైరసు పెరుగుచున్న కణమున మాత్రము మేల్కొని, వైరసు కట్టుకొను కొత్త డి.ఎన్.ఏ. గొలుసులో చొచ్చి, ఆ గొలుసు ముందుకు సాగకుండ త్రుంచివేయును. శత్రువు చేతి పనిముట్టుతోనే శత్రువు నాశమగుట యన్నమాట. నాడీసంధిలో నిద్రించు వైరసు ఏ గొలుసును కట్టదు గనుక దానిని ఈ మందు తాకలేదని కూడ పాఠకులు దీనినిబట్టియే గ్రహింపగలరు.

ఫలమును గూర్చిన అంకెలు చెప్పెదను. తఱచుగ తిరుగబెట్టు జననేంద్రియ హెర్పిస్ గల 1146 మందిపై జరిగి 1988లో వెలువడిన పరీక్షలో, అసైక్లోవిర్ దినదినము వాడినవారికి ఏడాదిలో సగటున 1.8 సార్లును, ఉత్తమందు వాడినవారికి 11.4 సార్లును పొక్కులు లేచెను. ఆ యేడాది ఒక్కసారియు లేవనివారు మొదటి వర్గమున నూటికి 44 మంది, రెండవ వర్గమున నూటికి ఇద్దఱు. దంపతులలో ఒకరికి మాత్రమే వ్యాధి గల 1484 జంటలపై జరిగి 2004లో ప్రకటితమైన మఱియొక పరీక్షలో, అసైక్లోవిర్‌కు తోబుట్టువైన వాలసైక్లోవిర్‌ను వ్యాధిగలవారు దినమునకొక 500 మిల్లీగ్రాముల మాత్ర చొప్పున ఎనిమిది నెలలు వాడగా, 743 జంటలలో 14 మంది భాగస్వాములకు వైరసు అంటెను. ఉత్తమందు వర్గమున 741 జంటలలో 27 మందికి అంటెను. ఇది సగమునకు తగ్గించుటయే గాని సున్న చేయుట కాదు. కావున మందు వాడువారును నిరోధ్ వాడవలెను, పొక్కులున్న దినములలో సంయోగము మానవలెను. ఈ మందుల లోపములను కూడ దాచరాదు. తిరుగబెట్టినపుడు వాడినచో ఒకటి రెండు దినముల కాలము తగ్గించునంతే. మానినచో వ్యాధి మఱల తన గతిని తాను నడచును. మూత్రపిండములు చెడినవారికి మోతాదు తగ్గింపనిచో మందు పేరుకొని మతిభ్రమ కలిగించుట, తగినంత నీరు లేనిచో మూత్రపిండములలో స్ఫటికములు కట్టుట కలదు. చీటీ అక్కఱలేకయే కొనెడి పెదవిపూతను గూర్చి మఱింత స్పష్టముగ చెప్పవలెను: నూటికి ఐదుపాళ్ల అసైక్లోవిర్ పూత పెదవిపుండు కాలమును ఇంచుమించు అరదినము మాత్రమే తగ్గించినదని పరీక్షలు చూపినవి. ఇంత స్వల్పఫలమునకు అంత ప్రచారము అనుచితమని నా అభిప్రాయము.

ఇప్పుడు అవతలి ప్రక్క చూతము. ప్రత్యామ్నాయ చికిత్సలలో మిక్కిలి ప్రచారము గాంచినది లైసిన్ అను ఎమైనో ఆమ్లము. దీని వెనుక మూఢవిశ్వాసము లేదు, నిజమైన ప్రయోగమే యున్నది. హెర్పిస్ వైరసు పెరుగుటకు ఆర్జినిన్ అను మఱియొక ఎమైనో ఆమ్లము అవసరమని గాజుపాత్రలలో పెంచిన కణములపై 1964లో తేలెను. ఆర్జినిన్‌కు లైసిన్ ప్రతికూలముగ ప్రవర్తించును. కావున లైసిన్ మాత్రలు మ్రింగి, ఆర్జినిన్ అధికముగ గల వేరుసెనగపప్పును చాక్లెటును మానివేసినచో వైరసు ఎండిపోవునని ఊహ. 1978లో 45 మంది రోగులపై, పోల్చుటకు రెండవ వర్గమే లేకుండ, చేసిన అధ్యయనము ఘనవిజయమును ప్రకటించెను. ఉత్తమందుతో పోల్చినపుడు ఆ విజయము చెదరిపోయెను. 1980లోను 1984లోను జరిగిన పరీక్షలు మేలు చూపలేదు, దినమునకు మూడుగ్రాములు వాడిన 1987 నాటి పరీక్ష యొకటి కొంత మేలు చూపెను. పెదవి హెర్పిస్ నివారణపై జరిగిన పరీక్షల నన్నింటిని కూర్చి 2015లో కోక్రేన్ అను వైద్యసమీక్షల సంస్థవారు తూచినపుడు, దీర్ఘకాలము మ్రింగిన వైరసుమాత్రలకు కొలదిపాటి ఫలమున్నదనియు, లైసిన్ పనిచేయునని చెప్పుటకు ఆధారము చాలదనియు తేల్చిరి. ఆర్జినిన్‌ను మన శరీరమే తయారుచేసికొనును గనుక పథ్యముచే వైరసును పస్తుంచుట సాధ్యము కాదు. వేరుసెనగ ముఖ్యపంటయైన రాయలసీమవానిచేత దానిని మాన్పించి పోషకమును పోగొట్టుట ఉపకారమెట్లగును?

అతిమధురము మన యిండ్లలోని మందు. దానిలోని గ్లిసిరైజిక్ ఆమ్లము పాత్రలోనుంచిన హెర్పిస్ వైరసును నిర్వీర్యము చేయునని 1979లో నేచర్ పత్రికలో ఇటలీ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఈ సంగతి సత్యము. అయితే పాత్రలోని వైరసును సబ్బునీరును చంపును, సారాయియు చంపును. మ్రింగిన పదార్థము జీర్ణకోశమును దాటి, రక్తమున కలసి, చాలినంత మోతాదున నాడీమూలమునో చర్మమునో చేరునా, చేరినను శరీరమునకు హాని చేయకుండునా, అనునవి వేరు ప్రశ్నలు. అతిమధురమునే తీసికొన్నచో, అధికమోతాదున దీర్ఘకాలము తిన్నవారికి రక్తపుపోటు పెరుగుటయు పొటాసియము తగ్గుటయు వైద్యులెఱిగిన విషయమే. పాత్రలో గెలుచుట పరీక్షకు అర్హత మాత్రమే. పరీక్షలో గెలుచుట కాదు.

పరీక్షకు దిగిన సహజపదార్థములు లేకపోలేదు, వానిని గౌరవముతోనే చెప్పవలెను. ఎకినేషియా మూలికను 50 మంది జననేంద్రియ హెర్పిస్ రోగులపై ఉత్తమందుతో పోల్చి పరీక్షింపగా మేలు కనబడలేదని 2001లో వెల్లడియాయెను. తేనెటీగలు తమ పట్టులో పూయు ప్రొపోలిస్ అను జిగురుతో చేసిన లేపనమును 90 మందిపై పరీక్షించి 2000లో ప్రకటించినవారు, పదవనాటికి ముప్పదిమందిలో 24 మందికి పుండ్లు మానెననియు, అసైక్లోవిర్ లేపనము పూసిన ముప్పదిమందిలో 14 మందికి మానెననియు చెప్పిరి. ఉత్తలేపనము పూసిన ముప్పదిమందిలోను 12 మందికి మానెను. ప్రొపోలిస్ అంకె ఆశాజనకమే, మఱింత పెద్ద పరీక్షకు తగినదే. నేను పాఠకుల దృష్టిని నిలుపగోరునది మాత్రము ఆ పండ్రెండు మందిపై. వారు ఏమియు లేని లేపనముతో మానినవారు. పోల్చు వర్గమే లేకున్నచో ఆ ఉత్తలేపనమును సైతము సీసాలలో నింపి పేరుపెట్టి అమ్మవచ్చును. న్యూజీలాండులో మందుల షాపుల ద్వారా 952 మంది పెదవిపుండ్లవారిపై జరిగి 2019లో వెలువడిన మఱొక పరీక్షలో, కానుక అను చెట్టుపూల తేనెకును అసైక్లోవిర్ పూతకును తేడా కానరాలేదు. తేనెతో తొమ్మిది దినములు, పూతతో ఎనిమిది దినములు. తేనె మందుతో సమానమని దీనిని చాటినవారు గలరు. పూతయొక్క ఫలమే అరదినమని పైన చూచితిమి గదా. అంత బలహీనమైన దానితో సమానమగుట బలమునకు ఋజువు కాజాలదు. పెదవిపై చిన్న పుండునకు తేనె పూయదలచినవారిని నేను వారింపను, ధనమును ప్రాణమును పోవు పని కాదు.

ఇది ప్రకృతికిని కృత్రిమమునకును నడుమ వివాదము కాదని కూడ ఇచ్చట చెప్పవలెను. వెర్నర్ బెర్గ్‌మన్ అనునాతడు 1950 ప్రాంతమున కరీబియన్ సముద్రపు స్పాంజినుండి వేరుచేసిన వింతపదార్థములు దారి చూపగా విడరబీన్ అను మందు తయారాయెను. హెర్పిస్ మెదడువాపునకు ప్రాణరక్షణ చేయగలదని ఋజువైన తొలి మందు అదియే. స్పాంజి ప్రకృతిదే. పరీక్షకు నిలిచెను గనుక మందాయెను. మఱియొకవైపు, ఆహారము చెడకుండ కలుపు బి.హెచ్.టి. యను కృత్రిమపదార్థమును హెర్పిస్‌కు మందని నమ్మి నాలుగుగ్రాములు మ్రింగిన స్త్రీ తీవ్రమైన కడుపునొప్పితో బాధపడిన వృత్తాంతము 1986లో ప్రకటితమాయెను. ఇంటర్నెటున అమ్మిన 193 ఆయుర్వేద ఔషధములను అమెరికాలో పరీక్షింపగా ఇంచుమించు ఐదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనబడెనని 2008లో వెల్లడియాయెను. సహజమైనది గనుక చేటు చేయదనుట ఎంత ప్రమాదకరమైన మాటయో ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

పెదవిపుండునకు ఏ మందు వాడినను, వాడకున్నను, పది దినములలో మానును. కాని ఒక దినము ఆలస్యమునకు ప్రాణము మూల్యమగు సందర్భములు కలవు. నిండుగర్భిణికి ప్రసవము సమీపించిన వేళ మొదటిసారిగా జననేంద్రియ హెర్పిస్ సోకినచో, శిశువునకు అంటు అపాయము నూటికి 30 నుండి 50 వఱకు ఉండును. పాతవ్యాధి తిరుగబెట్టినచో ఆ అపాయము చాల తక్కువ. వైరసుమందులు రాకపూర్వము, శరీరమంతట వ్యాపించిన రూపమున ఈ వ్యాధి సోకిన శిశువులలో నూటికి 85 మంది ఏడాది నిండకయే చనిపోవుచుండిరి. మూడువారములు రక్తనాళము ద్వారా పెద్దమోతాదు అసైక్లోవిర్ ఇచ్చుట ఆరంభమైన పిమ్మట ఆ అంకె నూటికి 30 ప్రాంతమునకు దిగెను. మెదడునకు మాత్రమే సోకినవారిలో 50 నుండి సుమారు 4 కు దిగెను. పెద్దలకు వచ్చు హెర్పిస్ మెదడువాపు, చికిత్స లేకున్నచో, నూటికి 70 మందికి పైగా చంపును. 1986లో ప్రకటితమైన పరీక్షలో అసైక్లోవిర్ పొందినవారిలో మరణములు నూటికి 28. హఠాత్తుగ జ్వరము, తలనొప్పి, అసంబద్ధపు మాటలు, మూర్ఛలు కలిసివచ్చినపుడు గాలిసోకెనని తాయెత్తు కట్టించుటలో గడచిన రాత్రి తిరిగిరాదు. కంటి నల్లగ్రుడ్డుపై హెర్పిస్ పుండు పడినపుడు ఆకుపసరు పిండినను, అంతకంటె ఘోరముగ, మందుల షాపువాడు చీటీ లేకయే ఇచ్చిన స్టెరాయిడు చుక్కలు వేసినను, చూపు పోవచ్చును. ఇచ్చట నాటువైద్యునికిని షాపువానికిని నేను భేదము చూడను. రెండవరకము హెర్పిస్ గలవారికి హెచ్.ఐ.వి. అంటు అపాయము ఇంచుమించు మూడురెట్లు అధికమని కూడ ఇందు చేర్చవలెను. జననేంద్రియములపై పుండు కనబడినపుడు, అది హెర్పిసో, సిఫిలిసో, మఱొకటో పరీక్షచే తేల్చుకొనకయే పసరు పూయుటలో ఉన్న చేటు అదియే.

మన దేశమున 1954 నాటి మందులు, ఇంద్రజాల చికిత్సల చట్టము సుఖవ్యాధులను నయము చేయుదుమను ప్రకటనలను నిషేధించినది. చట్టము పుస్తకమునను, ప్రకటనలు గోడపైనను నేటికిని ఉన్నవి. ఇది ప్రభుత్వముల లోపము. దానిని సరిదిద్దుమని పౌరులు అడుగవలెను. అసైక్లోవిర్ మన జాతీయ అత్యవసర మందుల పట్టికలో నున్నది గనుక ప్రభుత్వ వైద్యశాలలో దొరకనిచో దానిని గూర్చి అడుగుటకు రోగికి హక్కు కలదు. డాక్టర్లకును ఒక మాట. రోగి చిట్కా వాడుచున్నానన్నపుడు కోపించి కసరువారు, ఆ రోగి మఱునాటినుండి చిట్కాను మానునని తలంపవలదు, చెప్పుట మానును. అతిమధురము తినుచు రక్తపుపోటు మాత్ర వేసికొనువానికి ఆ మౌనము ఎంత కీడో వైద్యుడు ఆలోచింపవలెను.

పాఠకులారా, మీలో ఎవరికైన ఈ వ్యాధి యున్నచో, అది మీ శీలమునకు మచ్చ కాదు, కోట్లాదిమంది సామాన్యుల వ్యాధి. తేనె పూసికొన్నను, లైసిన్ మ్రింగినను, ఆ సంగతి డాక్టరునకు దాచకుడు. కన్నెఱ్ఱబడి నొప్పిపెట్టినను, తలనొప్పితో తెలివి తప్పుచున్నను, గడియ జాగు చేయకుడు. గర్భవతులైనచో, మీకు గాని మీ భర్తకు గాని ఎప్పుడో ఒకసారి ఇట్టి పొక్కులు లేచిన జ్ఞాపకమున్నచో, సిగ్గుపడక ఆ మాట ప్రసవమునకు ముందే డాక్టరమ్మతో చెప్పుడు; ముప్పదియాఱవ వారమునుండి ఇచ్చు మాత్రలును, పురిటినాటి పరీక్షయు మీ బిడ్డను కాపాడగలవు.